ఏది వార్త?

కుక్క మనిషిని కరిస్తే వార్త కాదు, మనిషి కుక్కను కరిస్తే వార్త అంటారు. మరి వింత ఒక్కటే వార్తా? 1965లో గాల్టుంగ్, రూజ్ అనే నార్వే పరిశోధకులు, ఒక సంఘటన వార్తగా మారడానికి 12 కారణాలు చెప్పారు. వాటిలో మూడింటిని మన కడప జిల్లాలోనే చూద్దాం.

సంబంధం: లండన్‌లో బంగారం ధర కదిలితే ప్రొద్దుటూరులో వార్తే. ఆ ఊరి అంగళ్లు, పనివాళ్ల బతుకులు దానిమీదే కదా!

కాలం: ఒక్కరోజులో జరిగేది తొందరగా వార్త అవుతుంది. జమ్మలమడుగు దగ్గర గండికోట జలాశయం సామర్థ్యం సుమారు 27 టీఎంసీలు. 2020లో నీళ్లు నింపితే తాళ్లప్రొద్దుటూరు మునిగింది. మునకకు తేదీ ఉంది. కొత్త చోట బతుకు కుదుటపడటానికి తేదీ ఉండదు, అందుకే అది జారిపోతుంది.

ప్రముఖులు: పులివెందుల అంటే ఇద్దరు ముఖ్యమంత్రుల నియోజకవర్గం. అక్కడ నాయకుడి పర్యటన ఒక్క పూటలో వార్త. దగ్గర్లోని తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడిపోతున్నాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని రైతులు చెప్పుకున్నారు. అది వార్తగా నిలవాలంటే ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ పోయి అడగాల.

నేనూ తప్పు చేసినా. పోయిన సంచికలో ఫెస్ట్‌కు వచ్చిన అతిథి గురించి పేజీ నింపినా. హాస్టల్లో నెలరోజులుగా నీళ్లు సరిగా రాని సంగతి రాయలేదు, రోజూ ఉండేదే కదా అనుకున్నా.

రోజూ ఉండటమే అసలు వార్త. రాసేముందు ‘కొత్తగా ఏం జరిగింది?’తో ఆగకుండా, ‘రేపు కూడా ఇది ఎవరిని బాధపెడుతుంది?’ అని కూడా అడగండి.