జనాభా లెక్కలో దొరకని ముత్తాత

మీ తాత పేరేమిటని అడిగితే తడుముకోకుండా చెబుతారు. ముత్తాత పేరడిగితే, ఇంటికి పోయి అడిగి వస్తామంటారు. ముత్తాతకు ముత్తాత పేరడిగితే? ఇంట్లో పెద్దవాళ్ళు కూడా తల గోక్కుంటారు. ఆయన లేకపోతే మనం లేము. అయినా ఆయన పేరు మనకు తెలియదు. పాత లెక్కలు, పాత కాగితాలు చూసి ఆయనను పట్టుకోవచ్చునా? బీజగణితంలో తెలియని రాశిని ఎక్స్ అని రాసుకొని, తెలిసిన వాటి సాయంతో దాని విలువ కడతాం గదా! ఇదీ అటువంటి లెక్కే.

ఎన్ని తరాలు? ఎంతమంది?

ఒక తరానికి 25 నుంచి 30 ఏళ్ళు పడుతుంది. మధ్యస్థంగా 27 ఏళ్ళనుకుందాం. మీరు 2010లో పుట్టి ఉంటే, ముత్తాతకు ముత్తాత మీకు 6 తరాల పైవాడు. 6 × 27 = 162. అంటే ఆయన దాదాపు 1848 ప్రాంతంలో పుట్టి ఉండాలి.

మరి ఆ తరంలో మీ పూర్వులు ఎందరు? తల్లీతండ్రీ ఇద్దరు. వారి తల్లిదండ్రులు నలుగురు. ఇలా తరతరానికీ రెట్టింపవుతూ పోతే ఆరో తరంలో 2 × 2 × 2 × 2 × 2 × 2 = 64 మంది. మేనరికాలున్న ఇళ్ళలో ఒకే మనిషి రెండు చోట్ల వస్తాడు కాబట్టి అసలు సంఖ్య ఇంకా తక్కువే ఉంటుంది. ఆ 64 స్థానాల్లో సగం ఆడవాళ్ళవి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

లెక్క ఉంది, పేరు లేదు

మద్రాసు రాజధానిలో 1851-52 నుంచే ఐదేళ్ళకొకసారి జనాన్ని లెక్కించేవారు. ఇంటింటికీ తిరిగి పద్ధతిగా చేసిన మొదటి పెద్ద జనగణన 1871 నవంబరు 15న జరిగింది. మన తెలుగు సంవత్సరాల్లో అది ప్రజోత్పత్తి. జనాన్ని లెక్కపెట్టడానికి ఎంత తగిన పేరో చూశారా! దేశమంతటా ఒకే రోజున లెక్క తీయడం 1881 ఫిబ్రవరి 17న మొదలైంది. అప్పటి నుంచి 2011 దాకా పదేళ్ళకొకసారి తప్పకుండా జరిగింది. 2021లో జరగవలసినది కోవిడ్ వల్ల వాయిదా పడింది.

అయితే 1871 లెక్కల పుస్తకం తిరగేసి మన ముత్తాత పేరు చూసుకోవచ్చునా? కుదరదు. ఆ పుస్తకాల్లో ఉన్నవి మొత్తాలే: జిల్లాలో ఎందరు, తాలూకాలో ఎందరు, ఏ వృత్తివారు ఎందరు అని. ఇంటింటా నింపిన కాగితాల పని మొత్తాలు కట్టడంతో తీరిపోయింది. వాటిని శాశ్వతంగా దాచే ఏర్పాటు జరగలేదు. స్వతంత్రం వచ్చాక 1948లో చేసిన జనగణన చట్టం ప్రకారం కూడా ఒక వ్యక్తి చెప్పిన వివరాలు రహస్యం. వాటిని కోర్టులో సాక్ష్యంగా చూపడానికి కూడా వీలులేదు.

ఇంగ్లండులో పద్ధతి వేరు. అక్కడ 1841 నుంచి పేర్లున్న కాగితాలను దాచి, నూరేళ్ళ తరువాత అందరికీ చూపుతారు. 1921 నాటివి 2022లో బయటికి వచ్చాయి. అలాగని దాచినవన్నీ దక్కుతాయని కూడా లేదు. అమెరికాలో 1890 జనగణన కాగితాలు చాలావరకు 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో నాశనమయ్యాయి. ఐర్లండులో పాత లెక్కలు 1922లో యుద్ధంలో కాలిపోయాయి. చరిత్రలో ఖాళీలు మన ఒక్కరికే కాదన్నమాట.

రెండు లెక్కల నడుమ

పేర్లు లేకపోయినా ఆ మొత్తాలు పనికిరానివి కావు. కడప జిల్లా జనాభా 1871లో దాదాపు 13 లక్షల 51 వేలు. 1881లో దాదాపు 11 లక్షల 21 వేలు. పదేళ్ళలో పెరగవలసిన జనం 2 లక్షల 30 వేలు తగ్గారు. నూటికి 17 మంది! అంటే ప్రతి ఆరుగురిలో ఒకరి స్థానం ఖాళీ.

దీనికి కారణం 1876-78 నాటి మహాకరువు. 1876లో వానలు మొండికేశాయి. పసిఫిక్ మహాసముద్రం మీది నీరు మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినో ఆ ఏళ్ళలో చాలా తీవ్రంగా వచ్చిందని నేటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఎక్కడి పసిఫిక్, ఎక్కడి ముద్దనూరు! కాని గాలికి ఎల్లలు లేవు. సహాయ పనుల్లో కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించాడు. అది మనిషిని బతికించడానికి చాలదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. 1871 జనగణనకు నివేదిక రాసినవాడు ఈ కార్నిషే. తాను లెక్కపెట్టించిన జనం కరిగిపోతుంటే ఆయన చూడవలసి వచ్చింది.

ఇక్కడొక జాగ్రత్త. తగ్గిన 2 లక్షల 30 వేలు కరువులో చనిపోయినవారి సంఖ్య అనుకోరాదు. సూత్రం ఇది:

1881 జనాభా = 1871 జనాభా + పుట్టినవారు − చనిపోయినవారు + వచ్చినవారు − పోయినవారు

కరువులో చావులు పెరుగుతాయి, కాన్పులు తగ్గుతాయి, వలసలు పెరుగుతాయి. తేడా ఒక్కటే కనబడుతుంది. దాని వెనుక నాలుగు సంఖ్యలున్నాయి. మన ముత్తాత 1881 తరువాత ఏ కాగితంలోనూ కనబడకపోతే, చనిపోయాడా, వలసపోయాడా, లేక ఇక్కడే ఉన్నా ఎవరూ రాసుకోలేదా అని మూడు విధాలా ఆలోచించాలి. కాగితంలో లేనంత మాత్రాన మనిషి లేడని కాదు.

ఇంకొక జాగ్రత్త, ఎల్లల గురించి. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలోనే ఉండేవి. అందుచేత 1901 లెక్కను 1911 తరువాతి లెక్కతో నేరుగా పోల్చితే, చీలిపోయిన తాలూకాల జనం చనిపోయినట్లు కనబడుతుంది!

కరువే గడియారం

ఇప్పుడొక ఉదాహరణ కట్టుకుందాం. ముద్దనూరు దగ్గరి పల్లెలో ఓబులయ్య అనే మనిషి ఉన్నాడనుకోండి. ఇంట్లో అవ్వ రెండు మాటలు చెప్పింది: “ఆయన 1930లో పోయినాడు, అప్పటికి ఎనభై ఏండ్లు. ధాత కరువప్పుడు ఒక బిడ్డ తండ్రి.”

మొదటి మాట చూద్దాం. పుట్టిన తేదీ రాసుకోని కాలంలో జనం వయస్సును 40, 45, 60, 80 అని సున్నాకో ఐదుకో సరిపెట్టి చెబుతారు. కాబట్టి ‘ఎనభై’ అంటే 75కీ 85కీ నడుమ ఎంతైనా కావచ్చు. పుట్టుక 1845కూ 1855కూ మధ్య.

రెండో మాట. తెలుగు సంవత్సరాలు అరవై. అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది. ధాత సంవత్సరం 1816లో, 1876లో, 1936లో, 1996లో వచ్చింది. 1930లో పోయినవాడు 1936 చూడలేదు. 1816లో బిడ్డ ఉన్నవాడు 1930 దాకా బతకడు. మిగిలింది 1876 ఒక్కటే. అప్పటికి ఒక బిడ్డ తండ్రి కాబట్టి 18 ఏళ్ళకు తక్కువ ఉండదనుకుందాం. అంటే 1858కి ముందే పుట్టాడు. రెండు మాటలూ పొసిగాయి. 1871 జనగణన నాటికి ఓబులయ్యకు 16 నుంచి 26 ఏళ్ళు. రెండూ పొసగకపోతే ఏదో ఒకటి తప్పని తెలిసేది. అదీ లాభమే.

పేర్లు దొరికే కాగితాలు

జనగణన పేర్లు చెప్పదు. పన్ను కాగితాలు చెబుతాయి! సర్కారుకు పన్ను కట్టేవాడి పేరు కావాలి గదా.

1858 నుంచి 1869 దాకా ఇనాం కమిషన్ మాన్యం భూములను విచారించింది. ఆ రిజిస్టర్లలో మాన్యం ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఆయన వయస్సెంత, మొదటివాడికి ఏమవుతాడు అనే వివరాలుంటాయి. మాన్యం ఉన్న ఇంటికి ఇది సగం వంశవృక్షం. ఆ తరువాత సెటిల్‌మెంటు రిజిస్టర్లలో సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరుంటుంది. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో ఉండే ఆ పుస్తకాన్ని డైగ్లాట్ అంటారు. వీటిలో సంవత్సరం ఫసలీలో ఉంటే జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపండి. ఫసలీ 1281 నవంబరు అంటే 1871 నవంబరు.

మరి సెంటు భూమి లేనివాడి సంగతి? కూలివాడి పేరు పట్టా పుస్తకంలో ఉండదు. చిత్రమేమిటంటే, అటువంటివాడు ఓడెక్కితే దొరుకుతాడు. 1871 నాటికే మద్రాసు-బొంబాయి రైలు మార్గం పూర్తయింది. ముద్దనూరు స్టేషను ఆ మార్గం మీదే ఉంది. మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మంది కూలీలతో 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరింది. 1911 దాకా అలా వెళ్ళినవారు దాదాపు లక్షా 52 వేలు. మారిషస్‌కు ఇంకా ఎక్కువమంది వెళ్ళారు. నాటాల్ ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు. ఊరు కదలని కూలివాడికి అక్షరం ముక్క లేదు. సముద్రం దాటినవాడి పుట్టుమచ్చ కూడా కాగితం మీద ఉంది! ఈనాడు అక్కడి తెలుగువారు ఆ జాబితాలు పట్టుకొనే తమ పూర్వుల ఊళ్ళు వెతుక్కుంటున్నారు.

ఇతడే అతడా?

డైగ్లాట్‌లో ఓబులయ్య అనే పేరు కనబడగానే ఎగిరి గంతేయకండి. అహోబిలం నరసింహస్వామి పుణ్యమా అని మన సీమలో ఓబులయ్యలు, ఓబులేసులు, ఓబమ్మలు కొల్లలు. ఊళ్ళో 200 మంది మగవాళ్ళుంటే 10 మంది ఓబులయ్యలు, 10 మంది నరసయ్యలు ఉన్నారనుకోండి. పేరు కలిసే అవకాశం 20లో ఒకటి. తండ్రి పేరు నరసయ్య కావడానికి 20లో ఒకటి. రెండూ కలిస్తే 400లో ఒకటి అనిపిస్తుంది.

కాని ఇక్కడొక చిక్కుంది. అలా హెచ్చవేయాలంటే రెండు విషయాలకూ సంబంధం ఉండకూడదు. మనవాళ్ళు తాత పేరు మనవడికి పెడతారు. అన్నదమ్ములిద్దరూ తమ తండ్రి పేరే కొడుకులకు పెడితే ఒకే ఇంట్లో పెద్ద ఓబులయ్య, చిన్న ఓబులయ్య తయారవుతారు. కనుక పేర్లు రెండూ చాలవు. పేరుతో సంబంధం లేని మూడో ఆనవాలు కావాలి. చేని సర్వే నంబరు అటువంటిది. మనుషులు పోతారు, చేను కదలదు. ‘మా పాత చేను ఫలానా వంక పక్కన’ అని అవ్వ చెప్పిన గుర్తూ, పుస్తకంలోని నంబరూ కలిస్తే అప్పుడు నమ్మవచ్చు.

పేరు లేని సగం

64లో సగం ఆడవాళ్ళని చెప్పుకున్నాం. పట్టాల్లో వారి పేర్లు అరుదు. బ్రిటిషు కాలపు జనగణనలో, ఆడమనిషి పేరు చెప్పడానికి ఇంటివారు ఒప్పుకోకపోతే ‘స్త్రీ’ అని మాత్రం రాసుకొమ్మని గణకులకు చెప్పేవారు.

జీవశాస్త్రం ఈ పక్షపాతం చూపదు. మన కణాల్లోని మైటోకాండ్రియా తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి, ఇలా తెగకుండా పైకి పోయే దారం అది. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. మిగతా డి.ఎన్.ఎ.లో ఆరో తరం పూర్వీకుడి వంతు సగటున 64లో ఒకటి, అంటే నూటికి ఒకటిన్నర పాలు. డి.ఎన్.ఎ. చుట్టరికం చెప్పగలదు. పేరు మాత్రం చెప్పలేదు. పేరు చెప్పగలిగినవి రెండే: కాగితం, మనిషి నోరు.

మీరు చేయవలసిన పని

1. మీ వీధిలో 60 ఏళ్ళు దాటిన 50 మందిని వయస్సు అడిగి, చివరి అంకెలు పట్టిక వేయండి. సరిపెట్టి చెప్పకపోతే 0, 5 కలిసి 10 మంది దగ్గర రావాలి. మీకు ఎందరు వచ్చారు? పుట్టినరోజు కూడా అడగండి. జూలై 1 అనేవారు ఎందరో చూడండి. అది బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వేసిన తేదీ కావచ్చు!

2. అబ్బనూ జేజినీ, అమ్మ తరఫు తాతనూ అవ్వనూ కూర్చోబెట్టి పేర్లు రాసుకోండి. ప్రతి పేరు పక్కన పుట్టినూరు, చేను గుర్తు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అనేవి రాయండి. ఆడవాళ్ళకు పుట్టింటి ఊరు, ఇంటిపేరు తప్పకుండా రాయండి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ రాయండి, ఒకటి కొట్టేయకండి.

ఈ పని వేసవి సెలవులకని వాయిదా వేయవద్దు. గండికోట జలాశయం నిండేసరికి 2020లో మన పక్కనున్న కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఫలానా చేను, ఫలానా చింతచెట్టు అని చూపే గుర్తులు నీళ్ళ కింద చేరాయి. అక్కడి ఇళ్ళు ఎవరివో చెప్పగలవారు ఇప్పుడు తలొక చోట ఉన్నారు. 1871లో లెక్క తీసినవారు సంఖ్యలు మిగిల్చి పేర్లు పోగొట్టారు. మీ చేతిలో నోటుపుస్తకం ఉంది, ఇంట్లో చెప్పే నోరుంది. ఈ సాయంత్రమే అడగండి.