భజన రికార్డింగ్‌కు ఎనిమిది ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్: తాడేపల్లి రామాలయంలో మేం నేర్చుకున్నది

పోయిన వారం మన ఛానెల్‌లో పెట్టిన తాడేపల్లి ఏకాహం వీడియో చూసినవాళ్లు చాలామంది ఒకటే అడిగారు: "గురువుగారి గొంతు అంత స్పష్టంగా ఎట్లా వచ్చిందండీ, ఏం మైకు వాడారు?" అని. మైకు మామూలుదే. తేడా అంతా మైకుకీ లాప్‌టాప్‌కీ మధ్య పెట్టిన పెట్టెలో ఉంది. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మీ ఊళ్లో భజన బృందాన్ని రికార్డు చేయాలనుకునేవాళ్ల కోసం దాని గురించి వివరంగా రాస్తున్నాను. మేం చేసిన తప్పులు కూడా దాచకుండా చెప్తాను, ఎందుకంటే నేర్చుకున్నది వాటి వల్లే.

ముందు రెండేళ్ల కిందటి సంగతి చెప్పాలి. ఇదే రామాలయంలో, ఇదే ఏకాహం. ఎనభై దాటిన మా గురువుగారు తెల్లవారుజామున కొన్ని తత్వాలు పాడతారు. ఆయన గురువు దగ్గర చెవితో విని నేర్చుకున్నవి, కాగితం మీద లేవు. వాటిని రికార్డు చేద్దామని లాప్‌టాప్ పట్టుకెళ్లాను. మైక్ సెట్ అతని మిక్సర్‌కి వెనకాల యూఎస్‌బీ ఉంది. "ఇంకేం కావాలి, ఒక కేబుల్ చాలు" అనుకున్నాను. గంటన్నర రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే చిడతలు, తాళాలు, మద్దెల, వాటి వెనక ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు గురువుగారు.

కారణం తర్వాత అర్థమైంది. మనకు దొరికే చిన్న మిక్సర్లలో చాలావాటికి యూఎస్‌బీ ఉన్నా, అది లాప్‌టాప్‌కి పంపేది రెండే ఛానెళ్లు, ఎడమ, కుడి. అంటే అన్ని మైకులూ కలిసిపోయిన మిశ్రమం. పైగా ఆ మిశ్రమం మందిరంలో స్పీకర్ల కోసం చేసింది. గురువుగారి మైకు మాటిమాటికీ కూత పెడుతుంటే మైక్ సెట్ అబ్బాయి ఆ ఫేడర్ కిందికి లాగాడు. అతని పని అతను సరిగ్గానే చేశాడు, మందిరంలో అందరికీ బాగానే వినపడింది కూడా. కానీ అతను లాగిన ప్రతి లాగుడూ నా రికార్డింగ్‌లో పడింది.

అది గురువుగారికి వినిపిస్తే హెడ్‌ఫోన్ తీసేసి "నా గొంతేదబ్బాయ్?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే వెతుక్కుంటూ అడిగారు.

ఇప్పుడు పాటలోంచి గొంతును వేరుచేసే సాఫ్ట్‌వేర్‌లు వచ్చాయి కదా అంటారు. నేనూ ప్రయత్నించాను. సినిమా పాటకు బాగానే పనిచేస్తాయి. ఇక్కడ మాత్రం చిడతల గలగలా, గొంతులోని స, శ, ష లాంటి అక్షరాల ఊదుడూ దాదాపు ఒకే పై శ్రుతిలో ఉంటాయి. చిడతల్ని తీసేస్తే అక్షరాలు కూడా వాటితోపాటు పోయాయి. "శివ" అన్నది "ఇవ" అయింది. తత్వంలో అక్షరం పోతే ఇంకేం మిగిలిందండీ? కలిపి పట్టుకున్న శబ్దాన్ని తర్వాత తీరిగ్గా విడదీసుకుందాం అనే ఆలోచన మన భజనలకు నప్పదు. పట్టుకునేటప్పుడే విడివిడిగా పట్టుకోవాలి. మల్టీఛానెల్ ఇంటర్‌ఫేస్ చేసే పని అదే. ఒక్కో మైకు ఒక్కో వేరే ఫైలుగా లాప్‌టాప్‌లో పడుతుంది. ఎవరి గొంతు ఎంత ఉండాలో తర్వాత ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

పాతరోజుల్లో ఈ సదుపాయం లేదు. మాకు కృష్ణ అవతలి ఒడ్డునే ఉన్న విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. దాని భక్తిరంజని వింటూ నిద్రలేచిన ఇళ్లు మా వైపు లెక్కలేనన్ని. మైకులు ఒకటీ రెండే ఉన్నచోట సమతూకం అంతా కూర్చునే దూరంలోనే ఉండేది. పాడేవారు దగ్గర, మద్దెల కాస్త వెనక, తాళం ఇంకా వెనక. ఆ విద్య ఇప్పటికీ పనికొస్తుంది, కింద చెప్తాను.

లాప్‌టాప్‌లోకి ఇన్ని ఛానెళ్లు ఒకేసారి పంపడం మరీ పాత సంగతేం కాదు. 2001లో మోటూ కంపెనీ 828 అనే పెట్టెను ఫైర్‌వైర్ కేబుల్ మీద తెచ్చింది. ఎనిమిది అనలాగ్ ఛానెళ్లు, కానీ నేరుగా మైకు పెట్టుకునేవి అందులో రెండే. తర్వాత యూఎస్‌బీ 2.0 అన్ని లాప్‌టాప్‌లకీ వచ్చాక ఈ పెట్టెలు మనలాంటివాళ్లకు అందాయి. ఇప్పుడు ఎనిమిది మైకులు పెట్టుకునేవాటిలో బెహ్రింజర్ యూఎంసీ 1820, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20, టాస్కామ్ యూఎస్ 16x08 లాంటివి ఉన్నాయి. ఏదో ఒకటే కొనమని నేను చెప్పను. మేమైతే కొనలేదు, విజయవాడలో ఒక మిత్రుడి స్టూడియో నుంచి రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నాం.

అయితే పేరులో అంకె చూసి మోసపోకండి. 18 ఇన్‌పుట్‌లు అని ఉంటే 18 మైకులు పెట్టొచ్చని కాదు. ఎనిమిది మామూలు ఇన్‌పుట్‌లు, ఇంకో ఎనిమిది ఆడాట్ అనే లైట్ కేబుల్ ద్వారా వచ్చేవి, రెండు డిజిటల్ ఎస్‌పీడిఫ్. ఆడాట్‌వి వాడాలంటే ఇంకో ఎనిమిది మైకుల పెట్టె కావాలి. కొనేముందు అడగాల్సిన ప్రశ్న "మైకు ప్రీఆంప్‌లు ఎన్ని?" అని మాత్రమే.

రెండు చిన్న ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి, రెండూ ఒకే లాప్‌టాప్‌కి పెట్టేస్తే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. కుదరదు. ప్రతి పెట్టెలో ఒక గడియారం ఉంటుంది, ఏ రెండూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో ఇరవై వంతుల తేడా ఉన్నా గంట గడిచేసరికి 72 మిల్లీసెకన్లు పక్కకు జరుగుతాయి. అంటే మొదట్లో కలిసి ఉన్న తాళం, గొంతు, గంట తర్వాత విడిపోతాయి. భజనలో తాళం తప్పితే వినేవాడికి వెంటనే తెలుస్తుంది. ఇదే తేడా వీడియో కెమెరాకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య కూడా వస్తుంది. అందుకే ప్రతి అరగంటకీ కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టిస్తాం. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు చూసి మళ్లీ కలుపుతాం. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్‌లోనే పెట్టండి. వీడియోకి వాడేది అదే. 44.1 పాటల సీడీల లెక్క.

డిస్క్ లెక్క కూడా చెప్పేస్తాను. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ఛానెల్‌కి నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. ఎనిమిది ఛానెళ్లకు గంటకు నాలుగు జీబీ పైచిలుకు. ఏకాహం 24 గంటలూ రికార్డు చేస్తే వంద జీబీ అవుతుంది. మేం తెల్లవారుజామున మూడు గంటలే తీసుకున్నాం.

కరెంటు సంగతి ముఖ్యం. రెండు మైకుల చిన్న ఇంటర్‌ఫేస్‌లు లాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తాయి. ఎనిమిది మైకుల పెట్టెకు ఆ కరెంటు చాలదు. యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 2.5 వాట్లు. కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, ఒక్కోటి 10 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకోవచ్చు. ఎనిమిదీ కలిపితే 3.8 వాట్లు, అది మైకులకే. కాబట్టి అడాప్టర్ తప్పదు, అడాప్టర్ ఉంటే ఇన్వర్టర్ తప్పదు. మా లాప్‌టాప్‌ని మాత్రం చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడిపాం. చార్జర్ పెట్టగానే అన్ని ఛానెళ్లలో సన్నగా జుయ్యిమని మోత వచ్చింది, తీయగానే పోయింది. మీకు ఆ మోత వస్తే ముందు చార్జర్ పీకి చూడండి, తర్వాతే కేబుళ్లను అనుమానించండి.

ఇంకో చిక్కు: గురువుగారి గొంతు మందిరం స్పీకర్లకూ వెళ్లాలి, మన ఇంటర్‌ఫేస్‌కూ రావాలి. ఒక మైకును రెండు చోట్లకు పంచే స్ప్లిటర్లు ఉన్నాయి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదైతే మంచిది. మా దగ్గర లేదు. అందుకని రెండు మైకుల్ని జంటగా ఇన్సులేషన్ టేపుతో చుట్టేశాం, ఒకటి మైక్ సెట్‌కి, ఒకటి మాకు. ఇక అతను తన ఫేడర్ ఎంత లాగినా మాకు సంబంధం లేదు. చూడ్డానికి బాగుండదు, వీడియోలో మీరు గమనించే ఉంటారు.

మిగతా మైకులు ఇలా పెట్టాం. హార్మోనియం వెనక ఒకటి, మద్దెలకు ఒకటి, వంత పాడేవాళ్లకు చెరోవైపు రెండు, మందిరం మధ్యలో జనం కోసం పైన ఒకటి. తాళాలు, చిడతలకు కూడా ఒకటి పెట్టాను, అది శుద్ధ దండగ. చిడతలు అప్పటికే మిగతా అన్ని మైకుల్లోకీ దూరి ఉంటాయి. మిక్సింగ్‌లో ఆ ఛానెల్ పూర్తిగా మూసేశాను. చిడతలకు కావాల్సింది మైకు కాదు, దూరం. ఆకాశవాణి కాలపు విద్య ఇదే. వాళ్లను గురువుగారి మైకు వెనకవైపుకు ఆరడుగులు జరపండి. కార్డియాయిడ్ మైకు వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువ తీసుకుంటుంది. మైకుకీ మైకుకీ మధ్య దూరం, నోటికీ మైకుకీ ఉన్న దూరానికి కనీసం మూడింతలు ఉండాలి. నోటికి అరడుగులో మైకు ఉంటే పక్క మైకు అడుగున్నరకు అవతల. లేకపోతే ఒకే గొంతు రెండు మైకుల్లో కాస్త ముందూ వెనకగా పడి, కలిపినప్పుడు డొల్లగా వినిపిస్తుంది.

ఇక అసలు తప్పు. అన్నీ పెట్టాక గురువుగారిని ఒకసారి పాడమన్నాను. ఆయన మొహమాటంగా, మెల్లగా రెండు చరణాలు అన్నారు. మీటర్ మైనస్ ఆరు దగ్గర చక్కగా ఆడుతోంది, సంతోషపడి గెయిన్ అక్కడే వదిలేశాను. భజన వేడెక్కాక మనిషి అలా పాడడు కదా! మూడో తత్వంలో పల్లవి ఎత్తుకునేసరికి ఎర్రలైటు. డిజిటల్‌లో సున్నా పైన ఏమీ లేదు, పైకి వెళ్లింది నరికినట్టు పోతుంది, తర్వాత అతుక్కోదు. పరుగెత్తి తగ్గించాను గానీ ఆ పల్లవి మొదటిసారి పాడింది చిరిగిపోయింది. మళ్లీ పాడారు కాబట్టి బతికిపోయాం. పరీక్షలో మైనస్ 18 దగ్గర ఆపండి. 24 బిట్‌లో శబ్దం తక్కువగా ఉందని భయపడక్కర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు. నేను ఆ తర్వాత చేసిన పని: చిడతల మైకు పీకేసి, గురువుగారికే రెండో మైకు కట్టి, దాని గెయిన్ బాగా తగ్గించి ఏడో ఛానెల్‌లో పెట్టాను. మొదటిది చిరిగితే ఇది ఉంటుంది.

లాప్‌టాప్‌లో విండోస్ అయితే కంపెనీవాళ్ల ఏషియో డ్రైవర్ వేసుకోండి, మ్యాక్‌లో చాలావాటికి ఏమీ అక్కర్లేదు. మేం రీపర్ వాడాం, 60 రోజులు పరీక్షగా వాడుకోవచ్చు. బఫర్ 512 లేదా 1024 పెట్టండి. గొంతు ఆలస్యంగా వినిపిస్తుందని బఫర్ తగ్గిస్తారు కొందరు, అలా చేస్తే మధ్యలో టకటకమని తెగుతుంది. వినడానికి పెట్టె మీద ఉండే డైరెక్ట్ మానిటర్ వాడితే సరి. వైఫై ఆపేయండి, నిద్రలోకి వెళ్లే సెట్టింగులన్నీ తీసేయండి.

రైళ్ల గురించి మాత్రం నా దగ్గర మందు లేదు. మాకు కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర. గుంటూరు వైపూ తెనాలి వైపూ లైన్లు అక్కడే చీలతాయి, తెల్లవారుజామున కూడా కూతలు ఆగవు. మధ్యలో పెట్టిన జనం మైకును ఆ క్షణాల్లో తగ్గించాను, అయినా గురువుగారి మైకులో సన్నగా ఉంది. జాగ్రత్తగా వింటే నాలుగో తత్వం చివర మీకూ వినిపిస్తుంది. ఉండనిచ్చాను.

వారం తర్వాత లాప్‌టాప్ పట్టుకుని గురువుగారింటికి వెళ్లాను. హెడ్‌ఫోన్ పెట్టి ఒకటో ఛానెల్ మాత్రమే వినిపించాను. రెండేళ్ల కిందటి గొంతు ఇప్పుడాయనకు లేదు, పై స్థాయి అందడం లేదు, ఊపిరి మధ్యలో తీసుకుంటున్నారు. ఆ గొంతు ఇక ఏ పెట్టెలోనూ దొరకదు. అక్షరాలు మాత్రం ఒక్కటీ పోలేదు. చాలాసేపు కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత "చిడతలు ఏయి? అయ్యి కూడా పెట్టబ్బాయ్, ఒట్టి గొంతు భజనెట్టా అయిద్ది" అన్నారు.

పెట్టాను, కొంచెం తక్కువగా. ఎనిమిది ఛానెళ్లు విడిగా ఉన్న ఫైళ్లు ఒక డ్రైవ్‌లో మా ఇంట్లో, ఇంకో డ్రైవ్‌లో మందిరం బీరువాలో ఉన్నాయి. బృందంలో వంత పాడే ఇద్దరు పిల్లలు ఒకటో ఛానెల్ ఫోన్‌లో వేయించుకుని నేర్చుకుంటున్నారు, మూడు తత్వాలు వచ్చాయట. మిగతా నాలుగూ కూడా వాళ్లకు పంపాలి, ఈ శనివారం పంపుతాను.