చదువుకు తగిన నగరం

ఉద్దేశం : ఉన్నత విద్య కోసం స్వగ్రామాన్ని వీడే విద్యార్థి కళాశాలతో పాటు నగరాన్ని కూడా ఎంచుకుంటాడు. ఆ ఎంపికలో జీవనవిధానానికి, అభిరుచులకు ఉన్న స్థానాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పెద్దవంగర మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ సందర్భంగా అది మండల కేంద్రమైంది. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి, పోతనతో ముడిపడిన బమ్మెర ఆ చుట్టుపట్ల ఊళ్లే. సాహిత్య వారసత్వం గల ఆ నేల మీద పెరిగిన విద్యార్థి అయినా డిగ్రీ ముగించి ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదవదలిస్తే ఊరు దాటక తప్పదు. అతని ముందు సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి వరంగల్, రెండవది హైదరాబాద్.

ఉస్మానియా, కాకతీయ మొదలైన విశ్వవిద్యాలయాలలో పి.జి. ప్రవేశాలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరుగుతోంది. ర్యాంకు వచ్చిన పిదప అభ్యర్థి తాను కోరే కళాశాలలను వరుసక్రమంలో నమోదు చేయాలి. సీటు కేటాయింపులో ర్యాంకుతో పాటు ఆ వరుసకు కూడా ప్రాధాన్యం ఉంటుంది. కొందరు స్నేహితుని వరుసనే తమ వరుసగా నింపుతారు. మరికొందరు పెద్ద నగరమన్న పేరు చూసి పైన పెడతారు. కొద్ది నిమిషాలలో ముగిసే ఆ పని రెండేళ్ల జీవితాన్ని నిర్ణయిస్తుంది.

కోరిన శాఖ, మంచి అధ్యాపకులు, వసతిగృహ సౌకర్యం మొదట చూడవలసినవి. ఇందులో సందేహం లేదు. అయితే తరగతులు దినంలో కొన్ని గంటలే. మిగిలిన కాలాన్ని విద్యార్థి నగరంతో గడుపుతాడు. సాయంత్రం ఎక్కడికి నడుస్తాడు, ఆదివారం ఏం చేస్తాడు, మనసు బాగులేనప్పుడు ఎవరిని కలుస్తాడు అన్నవి అల్ప విషయాలుగా తోస్తాయి. ఒంటరితనం ముసిరినప్పుడు చదువును నిలబెట్టేవి అవే.

హైదరాబాద్‌లో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. నాటకం, సంగీతం, నృత్యం ఇష్టపడేవారికి రవీంద్రభారతి, చిత్రకళను, పురాతన వస్తువులను ప్రేమించేవారికి సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నాయి. అయితే అద్దె, భోజనం, ప్రయాణం ఖర్చుతో కూడినవి. దూరంగా గది తీసుకొన్నవానికి బస్సులోనే సాయంత్రం కరిగిపోతుంది. చూడదగినవి ఎన్ని ఉన్నా, చూసే తీరిక లేకుంటే ప్రయోజనం లేదు.

వరంగల్, హన్మకొండలది మరో తీరు. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం అక్కడ ఉంది. చరిత్ర, శిల్పం పట్ల ఆసక్తి గల విద్యార్థికి 1163 నాటి వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట పాఠ్యపుస్తకాల వంటివి. 1213 నాటి రామప్ప దేవాలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేరింది. జానపద కళలను అభిమానించేవారికి తెలుగు విశ్వవిద్యాలయానికి చెందిన జానపద గిరిజన విజ్ఞానపీఠం వరంగల్‌లోనే ఉంది. పెద్దవంగర విద్యార్థికి ఇల్లు కూడా దగ్గర. పొలం పనుల వేళ తల్లిదండ్రులకు ఆసరా కావలసినవానికి ఈ దగ్గరితనం చిన్న సంగతి కాదు. అయితే పాత మిత్రులు, ఇంటి వ్యవహారాలు తరచుగా వెనక్కి లాగే అవకాశమూ ఉంది.

నగరం విద్యార్థిని ఎలా తీర్చిదిద్దుతుందో సి. నారాయణరెడ్డి జీవితం తెలుపుతుంది. హనుమాజీపేటలో జన్మించిన ఆయన ఉర్దూ మాధ్యమంలో చదివారు. హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ కళాశాలలో ఇంటర్మీడియట్, తరువాత ఉస్మానియాలో పట్టభద్ర విద్య పూర్తి చేశారు. తరగతి గదిలో దొరకని తెలుగు సాహిత్యం ఆయనకు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో దొరికింది. 1901లో స్థాపితమైన ఆ గ్రంథాలయంలో ఆయన ఎన్నో గ్రంథాలు చదివారు. ‘విశ్వంభర’ కావ్యకర్తగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన కవి ఎదుగుదలలో ఆ పఠనానికీ భాగముంది.

కోరుకోని నగరం కూడా మేలు చేయవచ్చు. పి.వి. నరసింహారావు పెరిగిన వంగర వేరు, పెద్దవంగర వేరు; రెండూ పూర్వపు నిజాం రాజ్యంలోని పల్లెలే. 1938 నాటి వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందున ఆయనకు నిజాం రాజ్యంలో చదువు సాగలేదు. నాగపూర్, పుణె నగరాలు ఆశ్రయమిచ్చాయి. భాషలంటే ప్రీతి గల ఆయనకు మరాఠీ చేరువైంది. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’ పేరుతో తెనిగించడం ఆ ప్రీతికి ఫలం. నగరం అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. దానిని అందుకొనేది విద్యార్థి అభిరుచే.

కనుక ఎంపికకు ముందు విద్యార్థి తన వారం ఎలా గడుస్తుందో కాగితం మీద రాసుకోవాలి. తాను నిజంగా చేసే పనులేవి, చేస్తానని చెప్పుకొనేవి ఏవి అని వేరుచేయాలి. ఏడాదిగా పుస్తకం తెరవనివాడు గ్రంథాలయాన్ని చూసి నగరాన్ని ఎంచుకోవడం తగదు. ప్రతి ఉదయం పరుగెత్తేవాడు మైదానం లేని ఇరుకు వీధిని ఎంచుకోవడమూ తగదు. పిదప నెలసరి ఖర్చు లెక్కించి తల్లిదండ్రులతో మాట్లాడాలి. వీలైతే ఒక రోజు ఆ నగరానికి వెళ్లి, అక్కడ చదువుతున్న సీనియర్లను అడగాలి. ఆడపిల్లల విషయంలో వసతిగృహ భద్రత, రాత్రివేళ ప్రయాణ సౌకర్యం తప్పక తెలుసుకోవాలి. ఇలా ఆలోచించి వరంగల్‌ను ఎంచుకొన్నవాడు తక్కువవాడు కాడు, హైదరాబాద్‌ను ఎంచుకొన్నవాడు గొప్పవాడు కాడు. తనను తాను ఎరిగి ఎంచుకొన్న నగరంలో విద్యార్థి చదువుకోగలడు, సంతోషంగా జీవించగలడు.

అర్థాలు
పిదప = తరువాత
తెనిగించు = తెలుగులోకి అనువదించు
ప్రీతి = ఇష్టం
ఆసరా = తోడ్పాటు

ప్రశ్నలు
1. వరంగల్, హైదరాబాద్ నగరాలు విద్యార్థికి కల్పించే అవకాశాలను పోల్చి రాయండి.
2. సి. నారాయణరెడ్డి, పి.వి. నరసింహారావుల జీవితాల ద్వారా పాఠం ఏమి తెలియజేస్తున్నది?
3. మీ అభిరుచులకు తగిన నగరమేదో కారణాలతో వివరించండి.