గాజుతొట్టిలో దమ్ముమడి

(బి.యస్సి. తృతీయ సంవత్సరం, వృక్ష–జంతు–రసాయన శాస్త్రాలు)

అక్వేరియం అనగానే అందరి చూపూ చేపల మీదికే పోతుంది. అడుగున ఏమి పోయాలో చివరికి అంగడివాడే నిర్ణయిస్తాడు. నీలమో గులాబియో, రంగురాళ్ల సంచి ఒకటి చేతిలో పెడతాడు. చేపలకు దానితో పెద్ద పని లేదు. మొక్కలకు మాత్రం అదే పొలం. మన వృక్షశాస్త్ర ప్రయోగశాల తొట్టిలో ప్రతి సెమిస్టరుకూ కొత్తగా నాటే వాలిస్నేరియా నెల తిరక్కుండానే పసుపెక్కి కుళ్లిపోవడం మనమంతా చూస్తున్నదే. వచ్చే సంవత్సరం కూడా ఆ తొట్టికి రాళ్లే కొంటారని విని ఈ వ్యాసం రాస్తున్నాను.

వేళ్లున్న మొక్కకు అడుగుపొర రెండు పనులు చేయాలి. పట్టుకొని నిలబెట్టాలి, తిండి పెట్టాలి. ఏటి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే. అది మొదటి పని చక్కగా చేస్తుంది, రెండోది చేయదు. అమోనియం, పొటాషియం, కాల్షియం వంటి ధనావేశ అయాన్లను పట్టి ఉంచేది బంకమట్టి రేణువుల మీది ఋణావేశం. దీన్నే కాటయాన్ మార్పిడి సామర్థ్యం అంటారు. నూరు గ్రాముల కేయొలినైటుకు అది 3 నుంచి 15 మిల్లీ ఈక్వివలెంట్లు. నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైటుకు 80 పైమాటే. ఇసుకకు దాదాపు సున్న. ఇసుకనేల ఎరువు నిలుపుకోదని మా ఊళ్లో అనుకునే మాటకు అర్థం ఇదే.

అయితే రేగడే మేలా? తొందరపడకూడదు. రేగడిలో తరచుగా సున్నపు గుళ్లు ఉంటాయి. చలువరాయి ముక్కలు, గవ్వలు, ఆల్చిప్పలు కూడా కాల్షియం కార్బొనేటే. ఇవి నీటి కాఠిన్యాన్నీ పి.హెచ్.నూ పెంచుతాయి. అప్పుడు నీటిలోని బొగ్గుపులుసు వాయువు బైకార్బొనేటుగా మారుతుంది, ఇనుము అవక్షేపమవుతుంది. హైడ్రిల్లా, వాలిస్నేరియా బైకార్బొనేటుతోనూ సరిపెట్టుకుంటాయి గాని చాలా మొక్కలకు అది చేతకాదు. పరీక్ష సులభం. మట్టి మీద, రాయి మీద సజల హైడ్రోక్లోరికామ్లం రెండు చుక్కలు వెయ్యండి. బుసబుసమని పొంగితే పక్కన పెట్టండి.

ఇక నీట మునిగిన మట్టి సంగతి. అందులో పైన కొద్ది మిల్లీమీటర్ల వరకే ప్రాణవాయువు ఉంటుంది. దాని కింద బాక్టీరియా మొదట నైట్రేటును, తర్వాత మాంగనీసును, ఫెర్రిక్ ఇనుమును, ఆపైన సల్ఫేటును వాడుకుంటాయి. ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి కరిగినప్పుడు దానికి అంటుకున్న భాస్వరం కూడా మొక్కకు అందుతుంది. సల్ఫేటు దాకా పోతే మాత్రం కుళ్లిన కోడిగుడ్డు వాసనే! ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్త పొన్నంపెరుమ 1972లో మునిగిన నేలల రసాయనంపై ప్రచురించిన సమీక్షలో ఈ క్రమమంతా ఉంది. అది వరిమడి కోసం రాసిందే, కాని తొట్టి అడుగునా జరిగేది అదే. వరిదుబ్బు పీకి చూడండి, వేళ్లకు తుప్పురంగు పూత ఉంటుంది. కాండంలోని గాలిగదుల గుండా దిగిన ప్రాణవాయువు వేరు చుట్టూ ఉన్న ఫెర్రస్‌ను మళ్లీ తుప్పుగా మార్చిన గుర్తది. వాలిస్నేరియా వేళ్లూ ఇలాగే ప్రాణవాయువును బయటికి వదులుతాయి. అందుకే ఒత్తుగా నాటిన మట్టి త్వరగా చెడదు, మొక్కల్లేని మట్టి చెడుతుంది.

జపాన్‌లో తకాషి అమనో 1982లో స్థాపించిన సంస్థ, మట్టిని గట్టి గుళికలుగా చేసి అమ్ముతోంది. మంచి సరుకే. నీటిని మురికి చేయదు, పి.హెచ్. తగ్గిస్తుంది, కాని మొదటి వారాల్లో అమోనియా వదులుతుంది, పైగా ఖరీదు. మట్టిని కిలోల లెక్కన కొంటారంటే మా నాన్న నమ్మలేదు. అమెరికాలో డయానా వాల్‌స్టడ్ 1999లో వెలువరించిన పుస్తకంలో మామూలు మట్టి మీద సన్నరాళ్లు కప్పితే చాలంది. మన తొట్టికి నా ఓటు దీనికే.

మన తొట్టి అడుగు 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు. రెండున్నర సెం.మీ. మట్టికి నాలుగున్నర లీటర్లు కావాలి. పైన 3 సెం.మీ. ఇసుకకు సుమారు 8 కిలోలు. మట్టి ఏళ్లుగా పురుగుమందు పడని పెరటి ఎర్రమట్టి అయితే మేలు. ఎండబెట్టి జల్లించి, బాగా మాగిన ఆకుమట్టి రెండు దోసిళ్లు కలపాలి. పచ్చిపేడ, యూరియా వద్దేవద్దు. ఇసుక రాగిగింజంత ఉండాలి. కందిగింజంత అయితే సందుల్లోంచి మట్టి పైకి లేస్తుంది. జావా ఫెర్న్, అనూబియాస్‌లకు ఇదంతా అక్కర్లేదు. వాటి కాండం పాతితే కుళ్లుతుంది, రాయికి దారంతో కట్టాలి.

నీళ్లు పళ్లెం మీద మెల్లగా పొయ్యాలి. చేపలకు మూడు నాలుగు వారాలు ఆగాలి. రసాయన ప్రయోగశాలలో నెస్లర్ కారకం ఉంది. తొట్టి నీటితో అది పసుపెక్కడం మానితేనే చేపలు. ఆ కారకంలో పాదరసం ఉంటుంది కనుక పరీక్షించిన నీళ్లను తిరిగి తొట్టిలో పొయ్యకండి.