పసిపిల్లలతో ఒకరోజు ప్రయాణము: ధవళేశ్వరము ఆనకట్ట



సార్వా మాసూళ్ళు ముగిసి, దాళ్వా నాట్లు పూర్తియైన పిమ్మట వ్యవసాయ కుటుంబమునకు కొన్ని దినములు తీరిక దొరకును. ఆ తీరికలో పిల్లలను ఎక్కడికైన తీసికొని వెళ్ళవలెనని తల్లిదండ్రులకు తోచుట సహజము. కాని ప్రయాణమనగానే ఖర్చునకు జంకి పలువురు మానుకొందురు. పసిపిల్లలకు దూరపు ఊళ్ళు అక్కరలేదు. తమ పొలమునకు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో చూపినచో చాలును.

గోదావరి డెల్టాలోని రైతుబిడ్డ పుట్టినది మొదలు కాలువనీటిని చూచుచునే పెరుగును. ఆ నీటి వెనుక ఎంత శ్రమ కలదో చెప్పువారు లేనిచో, అది ఊరకనే వచ్చుచున్నదని తలచును. నీటి విలువయు, తండ్రి చేయు పని విలువయు తెలియని బిడ్డకు రేపు ఆ భూమిపై మక్కువ ఎట్లు కలుగును? కావున ఒక దినము ధవళేశ్వరము వెళ్ళి రండు.

చూపవలసినవి

1833 నాటి కరవు, 1839 నాటి ఉప్పెన ఈ సీమను మిక్కిలి దెబ్బతీసినవి. పిమ్మట ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తియైనది. నేడు మనము చూచునది ఆ పాత కట్టడము కాదు. దాని స్థానమున 1970లో ప్రారంభించి 1982లో ముగించిన బ్యారేజి ఇది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములలో మొత్తము 175 తలుపులు కలవు. ఒక భాగము తలుపులను పిల్లలచేత లెక్కపెట్టించుడు. వారికి అదియే ఆటయు, పాఠమును.

ఇది నీటిని ఏడాది పొడవున దాచు పెద్ద జలాశయము వంటిది కాదని వారికి తెలుపుడు. నదిలో నీటిమట్టమును పైకెత్తి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలలోనికి మళ్ళించుటయే దీని పని. అక్కడనుండి నీరు పల్లమును బట్టి పెద్దకాలువ, పిల్లకాలువ, పంటబోదెల మీదుగా మీ చేనికి చేరును. ధవళేశ్వరముననే కాటన్ పేర ప్రదర్శనశాల కలదు. అది తెరచియుండు దినములను, వేళలను ముందుగా విచారించుకొనుడు.

మధ్యాహ్నము తరువాత ఓపిక మిగిలినచో సమీపముననున్న కడియము నర్సరీలను చూడవచ్చును. రెండు చోట్లు చాలును. మూడవదానికి ఆశపడినచో పిల్లలు అలసి పేచీ పెట్టుదురు.

ఖర్చు తగ్గించు మార్గములు

ఆర్టీసీ బస్సులలో అయిదేండ్లలోపు బిడ్డకు టికెట్టు లేదు. అయిదు నుండి పండ్రెండేండ్ల వరకు అర టికెట్టు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. కావున ఇంటి ఆడవారు ఆధార్ కార్డు వెంట తెచ్చుకొనవలెను.

తిండి ఇంటినుండియే తీసికొని వెళ్ళుడు. పులిహోర, అరటిపండ్లు, వేయించిన వేరుసెనగలు మేలు. అయితే మూడు నాలుగేండ్లలోపు పిల్లలకు వేరుసెనగ గింజలు పెట్టరాదు. గొంతులో అడ్డుపడు ప్రమాదము కలదు. కాచి చల్లార్చిన నీటిని సీసాలలో నింపుకొనుడు. ఓ.ఆర్.ఎస్. పొట్లము ఒకటి దగ్గరనుంచుకొనుడు. విరేచనములైనచో పొట్లముపై వ్రాసిన కొలత ప్రకారము నీటిలో కలిపి, కొద్దికొద్దిగా త్రాగింపవలెను.

తప్పక పాటింపవలసినవి

1. పసిబిడ్డ ఒక్కొక్కరికి పెద్దవారు ఒక్కొక్కరు బాధ్యులు కావలెను. అందరును చూచుచున్నారనుకొనినచో ఎవరును చూడనట్లే. నీటి దగ్గర బిడ్డ చేయి విడువరాదు.

2. బ్యారేజి దిగువన స్నానమునకు దిగరాదు. తలుపులెత్తినపుడు నీరు హఠాత్తుగా పెరుగును. ఇసుకలో గుంతలు పైకి కనబడవు.

3. వరదకాలములో వెళ్ళరాదు. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీచేయుదురు. సంక్రాంతి తరువాతి దినములు అనుకూలము.

4. బిడ్డ పేరు, ఊరు, మీ ఫోను నంబరు కాగితముపై వ్రాసి చొక్కా జేబులో పెట్టుడు. తప్పిపోయినచో ఉన్నచోటనే నిలువవలెనని ముందుగా నేర్పుడు.

5. తెల్లవారగనే బయలుదేరి, చీకటి పడకముందే ఇల్లు చేరుడు.

ఇతర ప్రాంతముల వారికి

కృష్ణా డెల్టావారు 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజిని, వరంగల్లు, ములుగు ప్రాంతములవారు కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువులను ఇట్లే చూపవచ్చును. బావిక్రింద సేద్యము చేయువారికి ఊరిచెరువు తూమును, కట్టను చూపినను చాలును. చెరువు నిండినచో చుట్టుపట్ల బావులలో ఊట పెరుగునని చెప్పవచ్చును.

ఇంటికి వచ్చిన పిమ్మట

మరునాడు నది నుండి మీ చేనివరకు నీరు వచ్చు దారిని పిల్లలచేత నేలపై ముగ్గుపిండితో గీయించుడు. కడియములో చిన్న మొక్క కొనినచో బోదె గట్టున వారిచేతనే నాటించి, నీరు పోయించుడు. ఆ బోదెలో చెత్త వేయరాదని అప్పుడు మీరు వేరుగ చెప్పవలసిన పని యుండదు.