కోనసీమకు సైకిలు యాత్ర

ద్వీపమనగానే నడిసముద్రమున నున్న భూభాగము మనకు స్ఫురించును. నలువైపుల నీరుండుటయే ద్వీపలక్షణమగుచో, ఓడ యెక్కకయే చేరదగిన పెద్ద ద్వీపమొకటి మన తెలుగునాట కలదు. అదియే కోనసీమ. ధవళేశ్వరమునొద్ద గోదావరి పాయలుగా చీలును. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున బంగాళాఖాతము. ఈ మూడింటి నడుమ నున్న ముక్కోణపు నేల కోనసీమ. వసిష్ఠనుండి చీలిన వైనతేయ మరల ఆ నేలను రెండుగా కోయుచు ఓడలరేవు ప్రాంతమున కడలి చేరును. 2022 ఏప్రిల్ నెలలో ఈ సీమ అమలాపురము ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా యయ్యెను.

జైపూరు పిల్లలకు ఆ సీమతో చుట్టరికము లేకపోలేదు. మన మండలపు దక్షిణపుటంచు నొరసికొని పారు గోదావరియే, శివారము మడుగులలో మొసళ్లను పెంచు గోదావరియే, కాళేశ్వరమున ప్రాణహితను కలుపుకొని, భద్రాచలము దాటి, పాపికొండల నడుమ దూరి అచ్చటికి చేరుచున్నది. గనుల మట్టిగుట్టలను, పెగడపల్లి విద్యుత్కేంద్రపు పొగగొట్టములను నిత్యము చూచు కన్నులకు ఆ నది చివరి నడక యెట్లుండునో చూడవలెనను కోరిక కలుగుట సహజము. దానిని చూచుటకు సైకిలును మించిన వాహనము లేదు. నేల బల్లపరుపు, వంతెనల కెక్కు బాటలు తప్ప ఎత్తులు లేవు. బస్సులో పోవువానికి కొబ్బరితోట యొక పచ్చని గీతవలె కనబడి మాయమగును. సైకిలుపై పోవువానికి తోటలోని మనుష్యులు కనబడుదురు, పలుకరింతురు.

యాత్రకు ముందు పటము ముందిడుకొని కూర్చుండవలెను. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున విద్యార్థులు వ్రాసి తెచ్చిన యాత్రాపత్రములను పెక్కింటిని చూచితిని. వారందరు మొదట రోడ్లను గీయుదురు. నదిని చివర నీలిరంగుతో నింపుదురు. ద్వీపయాత్రకు ఈ వరుస పనికిరాదు. మొదట నీటిని గీయవలెను, ఆ పిమ్మట నీటిని దాటు తావులను గుర్తింపవలెను, రోడ్డు కడపటిది. ఏలయనగా ద్వీపమున రోడ్డు తప్పినవాడు నాలుగడుగులు వెనుకకు వచ్చి సరిదిద్దుకొనగలడు. రేవు తప్పినవాడు పూట యంతయు గోల్పోవును.

ఊరి పేరులే యిందుకు తోడ్పడును. తెలుగున లంక యనగా నదీగర్భమున మేటవేసిన నేల. బొబ్బర్లంక, ఎదుర్లంక, బెండమూర్లంక అను పేరులు కనబడినచోట నీరు చేరువనే యున్నదని యెరుగుడు. రేవు అను మాటతో ముగియు పేరు పూర్వము పడవలు నిలిచిన తావును చెప్పును. మన ప్రాంతపు పల్లి, పూరు, వాడ అను పేరులకు ఆ పేరులకు గల భేదమును గమనించిన విద్యార్థికి ఆ దేశము సగము తెలిసినట్లే.

ఇక ఋతువు. జూలైనుండి సెప్టెంబరు వరకు వరదలు, లంకలు మునుగును. అక్టోబరు, నవంబరు తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కోనసీమ కొబ్బరితోటలు కూకటివ్రేళ్లతో కూలిపోయెను. కావున సంక్రాంతి సెలవులే తగిన కాలము. కాని కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలతీర్థము జరుగును. ఏకాదశ రుద్రుల ప్రభలను భుజములపై మోసికొని కాలువలలో దిగి, వరిచేల మీదుగా తెత్తురు. అది చూడవలసిన వేడుకయే. కాని ఆ దినమున అంబాజీపేట పరిసరములలో సైకిలు నడపుట దుస్సాధ్యము. చూడగోరువారు సైకిళ్లను బసలో విడిచి నడచి పోవలెను.

మార్గమును ఇట్లేర్పరచుకొనవచ్చును. మంచిర్యాలలో రైలెక్కి, సైకిళ్లను సామానుపెట్టెలో వేయించి, రాజమహేంద్రవరమున దిగవలెను. అచ్చటినుండి ధవళేశ్వరము. కాటనుదొరగారి పర్యవేక్షణమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. దాని స్థానమున నేడున్న బ్యారేజి మీదుగా పోయి బొబ్బర్లంకయొద్ద కోనసీమ ముక్కోణపు కొనలో అడుగిడుదుము. ఆపై కాలువగట్టును విడువక ఆత్రేయపురము, లొల్ల లాకులు చూచుచు రావులపాలెము చేరవలెను. కాలువనీరు తనంత తానుగా సముద్రమువైపు పారుచున్నదనగా నేల ఆ వైపునకు కొంచెము వాలియున్నదని యర్థము. కంటికి తెలియని ఆ వాలు సైకిలు త్రొక్కువానికి సాయపడునో లేదో పందెము వేసికొని చూడుడు. ఆత్రేయపురమున పూతరేకు చేయు నేర్పును చూడక ముందుకు పోరాదు. బోర్లించి వేడిచేసిన కుండపై పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను పరచి తీసినంతనే కాగితమువంటి రేకు లేచివచ్చును.

రెండవ దినము కొత్తపేట మీదుగా అమలాపురము. మూడవ దినము అంబాజీపేట కొబ్బరి విపణి చూచి గన్నవరమునకు. అచ్చట నిలువవలెను. క్రింద వైనతేయ నది, దానిమీద వంతెనవలె కాలువ! నీటిపై నీరు నడచుట మనవైపు పిల్లలకు వింత. 19వ శతాబ్ది నడుమ కట్టిన పాత అక్విడెక్టు ప్రక్కన 2000లో వెలసిన క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె లంకలగన్నవరమున, వేళ యననక, కులమనక, వచ్చిన బాటసారికెల్ల అన్నము పెట్టిన యిల్లాలు; 1909లో గతించెను. ఏటి ప్రక్క ఊరిలో, వరద తగ్గువరకు నిలిచిపోయిన బాటసారికి అన్నమనగా నెంతటిదో ఆ తావున నిలిచి చూచినగాని తెలియదు. ఆ రాత్రి రాజోలులో బస. నాలుగవ దినము అంతర్వేదిలో వసిష్ఠ సాగరసంగమము చూచి సఖినేటిపల్లి. ఈ విభాగముచొప్పున దినమునకు సుమారు 40 కిలోమీటర్లు వచ్చును. గంటకు 10 కిలోమీటర్లు పోవువానికి నాలుగు గంటల త్రొక్కుడు. లెక్క యెప్పుడును జట్టులో మిక్కిలి మెల్లగా పోవువాని వేగముతో వేయవలెను. వానినే ముందు నడపవలెను. గట్టివాడు పంచరు సామానుతో అందరికంటె వెనుక రావలెను. బాలురు దీనికి సుముఖులు కారు. ముందుపోవు ముచ్చట అట్టిది.

సఖినేటిపల్లినుండి నరసాపురమునకు వసిష్ఠను పంటుపై దాటినచో ఆవలి యొడ్డున రైలు కలదు. వచ్చిన దారినే మరలి పోనక్కరలేదు. పంటనగా మనుష్యులను, బండ్లను ఎక్కించుకొని పోవు బల్లకట్టు. ఇచ్చటనే యాత్రలోని గట్టి ప్రశ్న యున్నది. 2018 జూలై 14వ తేదీన ఇదే జిల్లాలోని పశువుల్లంకవద్ద, గౌతమీ పాయలో, పాఠశాలనుండి యింటికి పోవు పిల్లలున్న నాటుపడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడెను. మీవంటి విద్యార్థినులు ప్రాణములు గోల్పోయిరి. వారు విహారమునకు పోయినవారు కారు. నిత్యము ఏరు దాటవలసినవారు. కావున ఈ నియమములను పుస్తకమున పెద్ద అక్షరములతో వ్రాసికొనుడు. నాటుపడవ యెక్కరాదు. పంటుపై ప్రతివానికి రక్షణకవచ ముండవలెను. గాలి లేచినను, జనము క్రిక్కిరిసినను, నది పోటుమీద నున్నదని రేవువాడు సందేహించినను, మరల ఆలోచింపక చించినాడ వంతెన మీదుగా పాలకొల్లునకు తిరుగవలెను. ఆ మార్గము చుట్టే. అందులకై చివర నొక దినము ఖాళీగా నుంచుకొనుడు. ఖాళీదినము లేని యాత్రాపత్రమును నేను తిరిగి యిచ్చివేయుచుంటిని.

చిన్న సంగతులు కొన్ని. కొబ్బరిచెట్టు నీడ వేపనీడ వంటిది కాదు. క్రింద కూర్చుండిన వాని తలపై కాయ పడవచ్చును. సముద్రపు దాపున బావినీరు ఉప్పగా నుండును గనుక త్రాగునీరు వెంట నుండవలెను. బసకై అచ్చటి పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు నెల ముందుగా జాబు వ్రాయవలెను. బాలికలు వచ్చునెడల ఉపాధ్యాయిని తప్పక తోడుండవలెను.

సైకిళ్ల మాట చివరకు నిలిపితిని. మనవైపు అదియే చిక్కు. అందరికి సొంత సైకిళ్లుండవు. కొందరి యింట నున్న ఒక్కటియు తండ్రి గనిలో మొదటి షిఫ్టునకు పోవు సైకిలు. తెల్లవారకమునుపే ఆయనకు దానితో పని. దాని నడిగి తెచ్చినచో ఆ వారము ఆయన నడచి పోవలసివచ్చును. అట్టి పిల్లవానిని ఇంటనుంచి పోవుటయు తగదు. ఎవరింట రెండున్నవో విచారించి, ఎరువు తెచ్చి, జట్టులో నందరికి సమకూరినదాక టిక్కెట్లు కొనరాదు. ఎరువుసొమ్ముపై ఎక్కువ జాగ్రత్త వలయును. అంతర్వేది ఉప్పుగాలికి గొలుసు రెండు దినములలో తుప్పుపట్టును. రైలు దిగిన దినమే మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గొలుసుకు నూనె వేసి, గాలి నిండుగా కొట్టి, ఎవరి సైకిలు వారి యింటి ముంగిట ఆ సాయంకాలమే నిలిపి రావలెను. తెల్లవారుజామున దానితో పని యుండును గదా.