నిద్రమాత్రలు దుబాయి పంపొచ్చా?

ప్రశ్న: అక్క, బావ, పిల్లలు దుబాయిలో ఉంటారు. మూడు నెలలుగా అక్కకు నిద్ర లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలా చూస్తూ నిలబడిపోతోందట. ఆఫీసులో తెలిస్తే ఇబ్బందని బావ డాక్టరుకు చూపించట్లేదు. ఇక్కడి నుంచి నిద్రమాత్రలు పంపమంటున్నారు. పంపొచ్చా?
– ఒక సోదరి, నరసన్నపేట

జవాబు: వద్దమ్మా, పంపకండి. మన దగ్గర నిద్రకు రాసే ఆల్ప్రాజోలామ్, క్లోనజెపామ్ లాంటి మాత్రలపై యూఏఈలో గట్టి ఆంక్షలున్నాయి. ముందస్తు అనుమతి, డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్తే కేసు అవుతుంది. ఊరివాళ్ల బ్యాగులో ఆవకాయ సీసా పక్కన పెట్టి పంపే వస్తువు కాదిది.

పైగా మీరు రాసింది చూస్తే డిప్రెషన్‌లా ఉంది. నిద్రమాత్ర దాన్ని నయం చేయదు. ఇది అక్క చేతగానితనం కాదు. ఇక్కడైతే పక్కింటి పిన్ని తలుపు తట్టేది. అక్కడ బావ డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్తే మిగిలేవి నాలుగు గోడలే. ఒక్కోసారి థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే కుంగదీస్తాయి. ముందు ఆ రక్తపరీక్షలు చేయించమనండి.

ఇన్సూరెన్స్ కార్డు మీది నంబరుకు బావగారు ఫోన్ చేసి, మానసిక వైద్యం వర్తిస్తుందేమో కనుక్కోవాలి. చూపించుకున్నంత మాత్రాన డాక్టరు ఆఫీసుకు కబురు పెట్టరు. దారి తోచకపోతే దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాన్ని అడగొచ్చు. అక్కతో ఎలా మాట్లాడాలో తెలియకపోతే మీరు ఇక్కడి నుంచి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. సెలవులకు వస్తే విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించండి.

చచ్చిపోవాలనుందని అక్క ఒక్కసారి అన్నా, తిండి మానేసినా సెలవుల దాకా ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా బావ ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దుబాయిలో అంబులెన్స్ నంబరు 998.